పాత మాత్రలు, కొత్త మాత్ర

గంగన్నపాలెం,
దర్శి మండలం.
నవంబరు 23.

వదినగారికి,

మీరు కోపంగా ఉన్నారని తెలిసే రాస్తున్నాను. చించి పొయ్యిలో పెట్టాలనిపిస్తే చివరిదాకా చదివాక పెట్టండి.

అన్నయ్యగారి సంవత్సరీకానికి మేం రాకపోవడం తప్పే. మనిషి పోయిన మొదటి ఏడాది. మీ సొంత తమ్ముడే రాకపోతే చీరాలలో పదిమందీ ఏమనుకుని ఉంటారో నాకు తెలియంది కాదు. మీ తమ్ముడు ఆ రోజు ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు, సంచీ సర్దుకున్నాడు. బస్సుకి ఇంకా టైముంది, ఒక్కసారి చేను చూసొస్తానని వెళ్ళాడు. మిరప పూతలో నల్ల తామర పురుగు కనపడిందంట. అంతే, ఆ చొక్కా గట్టు మీద విప్పేసి పంపు భుజానికెత్తాడు. నేను వెనకాలే పరిగెత్తి అరిచాను. "అక్కయ్య ఏమనుకుంటదయ్యా? ఒక్కరోజుకి కొంపేం మునగదు" అన్నాను. "పురుగు ఒక్కరోజు ఆగుద్దా? అక్కయ్యకి నేను చెప్పుకుంటాలే" అన్నాడు. ఇప్పటిదాకా చెప్పుకోలేదు. మీ దగ్గర ఆయనకి నోరు పెగలదు. చిన్నప్పుడు మీరు అక్షరాలు దిద్దిస్తూ పెట్టిన మొట్టికాయలు ఇంకా గుర్తున్నాయంటాడు.

ఫోన్ చేద్దామంటే మీకు వినపడదాయె. మీ పక్కింటి నజ్మీన్ ఫోనుకి చేసి ఆ పిల్ల చేత కాగితం మీద రాయించి మీకు చూపిస్తే, మన ఇంటి అలకలు ఆ పిల్లకెందుకు చెప్పండి? అందుకే ఉత్తరం.

ఇక రెండో సంగతి. దీనికి మాత్రం తొందరగా జవాబు రాయండి. మీ తమ్ముడికి బీపీ ఉందని తెలుసుగా. రెండేళ్ళ నుంచి రెండు రకాల మాత్రలిచ్చారు, రోజూ ఒక్కొక్కటి. ఆయన వేసుకుంటే కదా! చేనుకి పురుగుమందు కొట్టినట్టే చేస్తాడు. తల బరువుగా ఉంటే వేసుకుంటాడు, బాగుంటే మానేస్తాడు. "పురుగు లేని చేనుకి ఎవడన్నా కొడతాడా?" అంటాడు. పోయిన వారం దర్శిలో డాక్టరు చూస్తే నూట తొంభై ఉందంట. మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నావా అని అడిగితే, "ఓ, రోజూ" అని చెప్పొచ్చాడంట మహానుభావుడు. ఆ డాక్టరు నమ్మి, ఈ రెండూ చాలట్లేదని కొత్తగా ఒక పెద్ద మాత్ర రాశాడు. నేను చేలో కూలీలతో ఉండి వెంట వెళ్ళలేదు.

ఇప్పుడు పాతవీ వేసుకుంటున్నాడు, కొత్తదీ వేసుకుంటున్నాడు. కొత్తది మళ్ళీ పొద్దునొకటి, సాయంత్రం ఒకటి. "డాక్టరు అట్టా చెప్పాడా?" అని అడిగాను. "పాతవి ఉన్నాయిగా, పారబోస్తామా? తామర పురుగు ఒక్క డబ్బాకి లొంగిందా? మూడు రకాలు పంపులో కలిపి, డోసు పెంచి కొడితేగా తగ్గింది" అని నాకే పాఠం చెబుతున్నాడు. శ్రీరమ్యకి ఫోటో పంపిస్తే అది తాడేపల్లి నుంచి ఫోన్లో వాళ్ళ నాన్నని కసురుద్ది, ఆయన ఫోన్ పెట్టేస్తాడు. కూతురి మాట, పెళ్ళాం మాట ఆయనకి ఎక్కవు. అక్క చెబితే ఎక్కుద్ది.

షీట్ల మీద అంతా ఇంగ్లీషే. మూడు రకాలవీ ఖాళీ షీట్లు కత్తిరించి ఈ కవర్లో పెడుతున్నాను. మీరు చదివి, నజ్మీన్ మెడికల్ షాపులోనే చేస్తది కాబట్టి ఆ పిల్లకీ చూపించి, అన్నీ కలిపి వేసుకోవచ్చో లేదో రాయండి. ఈ మధ్య కాస్త తూలుతున్నాడు. పురుగుమందు వాసనకి అంటాడు. నాకెందుకో గుబులుగా ఉంది.

మీ మరదలు,
కోటేశ్వరి


చీరాల,
డిసెంబరు 24.

కోటేశ్వరికి,

నీ పేరుకి ముందు ఎప్పుడూ రాసే "చి.ల.సౌ." రాయబోయి ఆగిపోయాను. ముప్ఫై ఏళ్ళ అలవాటు. నా పేరు ముందు నుంచి సౌభాగ్యం పోయి ఏడాది దాటింది, దానికి అలవాటు పడ్డాను. నీ పేరు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆడలేదు.

తమ్ముడు యలమందయ్య పోయి పదహారు రోజులు. ఎనిమిదో తేదీ పొద్దున మీ చేలో నీటిగుంటలో నుంచి తీశారని అందరూ చెబుతుంటే, నా కళ్ళ ముందు మాత్రం వాడు నిక్కరు వేసుకుని బడికి రానని మారాం చేస్తున్నట్టే ఉంది. అమ్మ పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు. వాడికి అన్నం కలిపి పెట్టినదాన్ని నేను. వాడి నోట్లో తులసినీళ్ళు కూడా నేనే పొయ్యాల్సి వచ్చింది.

పెద్దకర్మ అయ్యేదాకా మీ ఇంట్లో ఉన్నన్ని రోజులూ నేను ఎవరితోనూ మాట్లాడలేదని నువ్వు గమనించే ఉంటావు. చెవుడు కదా అని ఎవరూ పట్టించుకోలేదు. అదే నయమైంది.

బయల్దేరేటప్పుడు నువ్వు నా చెవి దగ్గర నోరు పెట్టి, నవంబరులో ఉత్తరం రాశాను, అందిందా అని అడిగావు. కారు ఎక్కే తొందరలో నేను తల ఊపానో లేదో గుర్తు లేదు. ఆ ఉత్తరం నాకు అందలేదమ్మా. పోస్టులో ఎక్కడో పోయి ఉంటుంది.

వాడి బీపీ మాత్రలు ఇంట్లో ఇంకా ఉంటే అన్నీ తీసి పారెయ్. ఒక్కటి కూడా ఉంచకు. పోయినవాళ్ళ మందులు ఇంట్లో ఎందుకు? వేళకి తిను. శ్రీరమ్యని కొన్నాళ్ళు నీ దగ్గరే ఉండమను.

సుబ్బరావమ్మ


గంగన్నపాలెం.
జనవరి 11.

వదినగారికి,

శ్రీరమ్య వెళ్ళిపోయింది. ఉండమన్నా ఉండలేదు. ఎందుకో చెబుతాను. ఇది మీకు చెప్పకుండా దాచాను, ఇక నా వల్ల కాదు.

ఊళ్ళో అందరూ పైకి కాలు జారిందనే అంటారు. పోలీసుల దాకా పోతే ఆ శవాన్ని కొయ్యడాలూ అవీ ఎందుకని పెద్దవాళ్ళే ఆ మాట అని, సాయంత్రానికల్లా దహనం చేయించారు. లోపల అనుకునేది వేరు. గట్టు మీద పురుగుమందు డబ్బా మూత తీసి ఉంది. చేను చూస్తే పురుగు పట్టి ముడుచుకుపోయి ఉంది. "మిరప రైతు, ఇంకేం చేస్తాడు పాపం" అనేది నా వెనకాల నాకు వినపడుతూనే ఉంది. నేను వస్తే మాట మార్చేస్తారు. తాగి దూకాడని వాళ్ళ నమ్మకం. కొయ్యలేదు కాబట్టి అవునో కాదో ఇక ఎవరూ చెప్పలేరు.

వాళ్ళు అనుకుంటే అనుకోనీ. నేనూ అదే అనుకుంటున్నాను వదినా.

ఆ రోజు పొద్దున ఆయన మంచం మీద నుంచి లేచి, తూలి, గుంజ పట్టుకుని నిలబడ్డాడు. మొహం తేలేశాడు. రెండు రోజుల కిందటే కొట్టిన చేనుకి మళ్ళీ కొడతానని పంపు తీస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఈ ఏడు మిరప వద్దు, సెనగ వేద్దామని ఎంత మొత్తుకున్నా వినలేదు కదా అని నోటికొచ్చినట్టు అన్నాను. "పో, పోయి ఆ చేలోనే పడి చావు" అన్నాను. వీధిలో వాళ్ళంతా విన్నారు. రోజూ అనే తిట్టే అది. మా ఊళ్ళో మొగుణ్ణి ఆ తిట్టు తిట్టని ఆడది లేదు. ఆయన మజ్జిగ తాగి, చెంబు బోర్లించి వెళ్ళిపోయాడు. పదింటికి పక్క చేలో పత్తి తీసే ఆడవాళ్ళు కేకలు పెట్టారు.

ఎవరో శ్రీరమ్య చెవిన వేశారు. "అమ్మా, ఆ రోజు నాన్ననేమన్నావు?" అని అడిగింది. చెప్పాను. అది నా మొహం వంక చూడలేదు. ఇప్పుడు ఫోన్ చేస్తే "తిన్నావా", "తిన్నాను", అంతే.

నాకు ఏడుపు కూడా రావట్లేదు, కోపమొస్తుంది. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసినదాన్ని, ఒక్క తిట్టుకి పోయి చస్తాడా? అంత బాధ ఉంటే నాతో ఒక్క ముక్క చెప్పకూడదా? ఆయన ఫోటో ముందు దీపం పెట్టమంటే శ్రీరమ్యనే పెట్టమన్నాను. నేను పెట్టలేదు. నన్ను ఇట్టా హంతకురాల్ని చేసి పోయినవాడికి నేను దీపం పెట్టను.

మీరు ఆయన్ని ఎత్తుకు పెంచారు. మీకంటే ఎక్కువ ఆయన గురించి ఎవరికి తెలుసు? ఒక్క మాట చెప్పండి వదినా. మీ తమ్ముడు చావాలనుకునే మనిషేనా?

కోటేశ్వరి


చీరాల,
జనవరి 19.

కోటేశ్వరికి,

కాదు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాలుగుసార్లూ నా జవాబు అదే. వాడు చచ్చేవాడు కాదు. తిట్టుకి చచ్చేవాడైతే నా చేతిలో చిన్నప్పుడే చచ్చేవాడు. నువ్వు అన్న మాటని మనసులో పెట్టుకోకు. శ్రీరమ్యకి నేను రాస్తాను.

ఎలా చెప్పగలవు అని నువ్వు అడుగుతావని తెలుసు. అంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. పెంచినదాన్ని, నాకు తెలుసు, అంతే అనుకో.

నాకు ఒంట్లో బాగుండటం లేదు. ఉత్తరం చిన్నదైందని అనుకోవద్దు. అమ్మ పోయింది, నాన్న పోయాడు, తమ్ముడు పోయాడు. నాకు పుట్టిల్లంటే ఇక నువ్వే. ఆ సంగతి మాత్రం గుర్తుపెట్టుకో.

సుబ్బరావమ్మ


గంగన్నపాలెం.
ఫిబ్రవరి 13.

వదినగారికి,

మీరు శ్రీరమ్యకి ఏం రాశారో తెలియదు, అది ఇంకా అట్టాగే ఉంది. మీరు కాదన్నారు, సంతోషం. కానీ పెంచిన ప్రేమ కొద్దీ అన్న మాట అది. నాకు ఊరట కోసం అన్నారని నాకు తెలుస్తూనే ఉంది.

మిరప కోతలు మొదలయ్యాయి. ఆయన చచ్చిపోతుందన్న చేను, తర్వాత పైన వచ్చిన పూత బాగానే నిలబడి కాసింది. కల్లంలో ఎర్రగా ఆరబోస్తుంటే ఇంకో రెండు నెలలు ఓపిక పట్టలేకపోయాడే అనిపిస్తుంది.

పోయిన వారం కోతలో తల పగిలిపోతుంటే ఊరి ఆస్పత్రి నర్సమ్మ వచ్చి బీపీ చూసింది. నూట ఎనభై ఐదు. దర్శి వెళ్ళి చూపించుకోమంది. కూలీల్ని వదిలి ఎక్కడికి పోను? ఇంట్లో ఆయన మాత్రలు ఉన్నాయిగా. మీరు పారెయ్యమన్నారు గాని, ఎందుకో మీరు రాయలేదు, నాకు మనసొప్పలేదు. కొత్తవి నిండుగా మూడు షీట్లు, పాతవి ఇంకా ఎక్కువ. ఆయనకున్న రోగమే నాకూ వచ్చింది, ఆయన మందే నాకూ పనిచేసుద్ది కదా అనుకున్నాను.

నాలుగు రోజుల నుంచి వేసుకుంటున్నాను, ఆయన వేసుకున్నట్టే. పొద్దున పాతవి రెండూ, కొత్తదొకటి, సాయంత్రం మళ్ళీ కొత్తదొకటి. తలనొప్పి పోయింది. కాకపోతే ఒళ్ళంతా తేలిపోతున్నట్టుంటుంది. నిన్న సాళ్ళలో వంగి కోస్తూ లేచేసరికి కళ్ళు చీకట్లు కమ్మి అక్కడే కూలబడ్డాను. పక్కన కోస్తున్న ఆడవాళ్ళు నీళ్ళు కొట్టారు. ఆయన కూడా ఇట్టాగే తూలేవాడు, పురుగుమందు ఘాటుకి అనుకునేవాళ్ళం. నాకు మిరప ఘాటుకి అయి ఉంటది.

నిజం చెప్పనా వదినా, ఆ కళ్ళు చీకట్లు కమ్మే క్షణం హాయిగా ఉంటుంది. ఆ కాసేపు ఏమీ గుర్తురాదు. ఈ మాట మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. కోతలయ్యాక చీరాల వచ్చి నాలుగు రోజులుంటాను.

కోటేశ్వరి


చీరాల,
ఫిబ్రవరి 17.

కోటేశ్వరీ,

ఈ ఉత్తరం చేరేలోపే నజ్మీన్ నీకు ఫోన్ చేసి చెప్పి ఉంటుంది. అయినా మళ్ళీ రాస్తున్నాను. ఆ మాత్రలు ఒక్కటి కూడా వేసుకోకు. పాతవీ వద్దు, కొత్తవీ వద్దు. కోతలు ఏమైపోయినా సరే, షీట్లన్నీ సంచిలో వేసుకుని దర్శిలో డాక్టరు ముందు పొయ్. ఏవి, ఎన్ని, ఎన్ని రోజులు వేసుకున్నావో ఉన్నది ఉన్నట్టు చెప్పు. నీకు ఏది కావాలో ఆయన చూసి రాస్తాడు. ఇంకొకరికి రాసిన మాత్ర నీ మాత్ర కాదు.

ఎందుకో రాయలేదన్నావు. ఇప్పుడు రాస్తాను.

నీ నవంబరు ఉత్తరం నాకు అందింది. ఇరవై ఏడో తేదీన పోస్టుమాన్ ఇచ్చాడు. నీ చేతిరాత చూసి, "ఇప్పుడు గుర్తొచ్చానా" అనుకుని, విప్పకుండా బియ్యం డబ్బా మీద పెట్టాను. ఏడాది తిరిగిన నా మొగుడికి దణ్ణం పెట్టడానికి రాని తమ్ముడు, తను రాకుండా పెళ్ళాం చేత ఉత్తరం రాయించాడని మండిపడ్డాను. రోజూ బియ్యం తీసుకునేటప్పుడు ఆ కవరు పక్కకి జరిపేదాన్ని, మళ్ళీ పైన పెట్టేదాన్ని. వాడు స్వయంగా వచ్చి నా ముందు నిలబడితే గాని విప్పకూడదనుకున్నాను. నలభై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని, అరవై ఎనిమిదేళ్ళు వచ్చినదాన్ని, బడిలో చంటిపిల్లలా అలిగాను. పదకొండు రోజులు.

ఎనిమిదో తేదీ నజ్మీన్ పరిగెత్తుకొచ్చి, "మీ తమ్ముడుగారు పోయారంట" అని కాగితం మీద రాసి చూపించింది. కారెక్కేటప్పుడు ఆ కవరు ఎందుకు చేతిలోకి తీసుకున్నానో తెలియదు. అద్దంకి దాటాక విప్పాను. మూడు షీటు ముక్కలు ఒళ్ళో పడ్డాయి. "దీనికి మాత్రం తొందరగా జవాబు రాయండి" అని ఉంది.

తిరిగొచ్చాక నజ్మీన్‌కి చూపించాను. ఆ పిల్ల ముక్కలు మూడూ పక్కపక్కన పెట్టి చదివింది. తర్వాత విడమరిచి రాసింది. కొత్తది ఒక్క మందు కాదు, మూడు మందులు కలిపిన మాత్ర. అందులో రెండు, వాడు అంతకుముందు వేసుకుంటున్న పాతవే. మూడోది ఒంట్లో నీరు తగ్గించేది. పాతవి ఆపి, వాటి బదులు రోజుకి ఒక్కటే వేసుకోవాలి. అలా వేసుకుంటే అది మంచి మాత్రేనంట, ఎంతోమందికి నడుస్తున్నదేనంట, మూడు గుర్తుపెట్టుకునే బదులు ఒకటి గుర్తుపెట్టుకుంటే చాలంట. మనవాడు పాతవి కలిపి, కొత్తది రెండు పూటలా వేసుకున్నాడు. అంటే ఒకసారి వెయ్యాల్సిన మందు రోజుకి మూడుసార్లు లోపలికి వెళ్ళింది. అసలు అంతకుముందు మాత్రలు మానేసి వేసుకుంటున్నానని చెప్పబట్టే అంత గట్టిది రాశారు. పైగా పంపు మోస్తూ పట్టిన చెమట. అలాంటప్పుడు వంగి లేస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి మనిషి కూలిపోతాడంట.

వాడు పంపులోకి నీళ్ళు పట్టడానికి ఆ గుంట అంచున వంగి ఉంటాడు. డబ్బా మూత తీసి పెట్టుకున్నది చేనుకి కలపడానికి. ఖాయంగా ఇదేనా అని అడిగాను. "చూడకుండా ఖాయంగా ఎలా చెబుతాను ఆంటీ, అయ్యుండొచ్చు" అని రాసింది. నీకు సాళ్ళలో జరిగింది చదివాక నాకు అనుమానం ఏమీ మిగల్లేదు. నీ పక్కన మనుషులున్నారు, నీళ్ళు కొట్టారు. వాడి పక్కన ఎవరూ లేరు. కింద నీళ్ళున్నాయి.

వాడు చావాలని వెళ్ళలేదు. చేను బతికించుకోవాలని వెళ్ళాడు. నీ తిట్టు వాణ్ణి చంపలేదు. నేను ఇరవై ఏడో తేదీన ఆ కవరు విప్పి ఉంటే, నజ్మీన్ అదే గంటలో ఫోన్ చేసి ఉండేది. వాడు అక్క మాట వినేవాడు.

ఈ సంగతి కర్మ రోజే చెప్పాల్సింది. పుట్టింటి గుమ్మం నాకు మూసుకుపోతుందని భయపడ్డాను. అందలేదని అబద్ధం రాశాను. మాత్రలు పారెయ్యమన్నాను గాని, కారణం చెబితే నా గుట్టు బయటపడుతుందని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం వల్ల నువ్వు కూడా కూలబడ్డావు. నన్ను ఏమన్నా అను. ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళు.

సుబ్బరావమ్మ


గంగన్నపాలెం.
మార్చి 9.

వదినగారికి,

నజ్మీన్ ఫోన్ చేసిన రోజే దర్శి వెళ్ళాను. కూలీలు తిట్టుకుంటే తిట్టుకున్నారు. షీట్లన్నీ బల్ల మీద పోసి, ఆయన ఏం చేశాడో, నేను ఏం చేశానో దాచకుండా చెప్పాను. ఆ డాక్టరుకి మీ తమ్ముడు గుర్తున్నాడు. "పాతవి ఆపమని చెప్పాను, తల ఊపాడమ్మా, చీటీ మీద కూడా రాశాను" అన్నాడు. చీటీ తీసి చూపించాను. రాసింది ఇంగ్లీషులో. ఆ డాక్టరు కాగితం తీసుకుని చూసి, "తెలుగులో రాసి ఉండాల్సింది" అన్నాడు. మాత్రలు ఎక్కువై కళ్ళు తిరిగే పడి ఉంటాడన్నాడు. నన్ను రెండు రోజులు అక్కడే ఉంచి చూసి, ఆ షీట్లన్నీ తీసేసుకుని, నాకు చిన్న మాత్ర ఒకటి రాశాడు. దాన్ని ఎప్పుడు వేసుకోవాలో నర్సు చేత తెలుగులో రాయించాడు. రోజూ వేసుకుంటున్నాను. బాగున్నా వేసుకుంటున్నాను.

మీ ఉత్తరం శ్రీరమ్యకి ఫోన్లో చదివి వినిపించాను. మధ్యలో అది ఏడుస్తుంటే ఆపాను, చదవమంది. అంతా అయ్యాక "అమ్మా" అంది. మర్నాడు బస్సు దిగింది. ఇద్దరం నీటిగుంట దగ్గరికి వెళ్ళి కూర్చున్నాం. ఆయన పోయిన ఇన్నాళ్ళకి అక్కడ నాకు ఏడుపొచ్చింది. మొగుడు చచ్చిపోయిన దానిలా ఏడ్చాను. ఊళ్ళో ఇంటింటికీ వెళ్ళి చెప్పాను, మా ఆయన పురుగుమందు తాగలేదు, దూకలేదు, మాత్రలు ఎక్కువై కళ్ళు తిరిగి పడ్డాడని. నమ్మినవాళ్ళు నమ్మారు. ముగ్గురు మగాళ్ళు ఇంట్లోకి వెళ్ళి వాళ్ళ షీట్లు తెచ్చి నాకు చూపించారు. నాకేం తెలుసు, డాక్టరుకి చూపించండి అన్నాను.

నిన్న మూడో నెల మాసికం. మొదటి రెండిటికీ నేను వంట చెయ్యలేదు, వరసకి తోడికోడలయ్యే ఆవిడ చేసింది. నిన్న నేనే చేశాను.

ఇక మీ సంగతి. ఆ పదకొండు రోజులు నేను మన్నించాను వదినా. నేనైనా అలిగేదాన్నే, నేనైనా విప్పేదాన్ని కాదేమో. ఆయన మిమ్మల్ని అంత నొప్పించాడు. కానీ మీరు అందలేదని రాశారు చూడండి, అది నాకు మింగుడు పడట్లేదు. డిసెంబరు నుంచి మొన్నటిదాకా ఆయన్ని రోజూ తిట్టాను. చచ్చిపోయినవాణ్ణి, ఏ పాపం తెలియనివాణ్ణి, నన్ను నట్టేట వదిలేసి పోయావని, పిరికివాడివని తిట్టాను. దీపం పెట్టలేదు. నా కూతురు నా మొహం చూడలేదు. మీకు అంతా తెలుసు. మీరు చీరాలలో కూర్చుని నా ఉత్తరం నాలుగుసార్లు చదివి, నాలుగు ముక్కలు రాసి పంపించారు. ఆ రోజులు నాకు ఎవరు తెచ్చిస్తారు?

ఇల్లు మీదే. మీరు పుట్టిన ఇల్లు, నేను మూసేదాన్ని కాదు. కానీ ఇప్పుడు రావద్దు. వస్తే తిడతాను. చెవిలో నోరు పెట్టి మరీ తిడతాను. ఆ తర్వాత మీ ఒళ్ళో పడి ఏడుస్తాను, అది ఇప్పుడే నాకు ఇష్టం లేదు.

నేను రమ్మన్నప్పుడు రండి. రమ్మంటాను. ఎప్పుడో మాత్రం ఇప్పుడు చెప్పలేను.

కోటేశ్వరి